జీడిపెంకు నుంచి జన్యువు దాకా

శ్రీకాకుళం జిల్లా పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల వాళ్లకు జీడిపిక్క గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. పిక్కను ఆవిరి మీద ఉడికించో, కాల్చో, పెంకు పగలగొట్టి, లోపలి పప్పు విరగకుండా బయటకు తీయడం అక్కడ ఎన్నో కుటుంబాలకు బతుకుతెరువు. ఆ పనిలో ఏళ్ల తరబడి ఉన్న ఆడవాళ్ల చేతులు చూస్తే వేళ్లు నల్లబడి ఉంటాయి, కొన్నిచోట్ల చర్మం పొరలుగా లేచి ఉంటుంది. పెంకు లోపల తేనెపట్టు లాంటి గదుల్లో చిక్కటి నూనె ఒకటి ఉంటుంది. చేతులను కాల్చేది అదే. అందుకే పనిలో కూర్చునే ముందు చేతులకు నూనో బూడిదో పట్టిస్తారు. ఆ పెంకు నూనె మాత్రం వృథా పోదు. రంగుల్లో, వార్నిషుల్లో, వాహనాల బ్రేకు లైనింగుల్లో దాన్ని వాడతారు. ఎక్కువ వేడి తగలనివ్వకుండా తీసిన నూనెలో సగానికి పైగా ఉండే పదార్థం పేరు అనకార్డిక్ ఆమ్లం.

2003లో బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో తపస్ కుమార్ కుందు బృందం ఈ ఆమ్లాన్ని తీసుకుని, దాని నిర్మాణంలో కొన్ని మార్పులు చేసి, ఒక కొత్త అణువును తయారు చేసింది. మన కణాల్లో పీ300 అనే ఎంజైము ఒకటి ఉంది. జన్యువులు ఎప్పుడు పలకాలో నిర్ణయించే వాటిలో అది ముఖ్యమైనది. ఈ కొత్త అణువు దగ్గర చేరితే ఆ ఎంజైము మునుపటి కంటే చురుగ్గా పని చేసింది. వినడానికి ఇది చిన్న సంగతిలా అనిపించవచ్చు. ఎంజైములను ఆపే రసాయనాలు వేల సంఖ్యలో ఉన్నాయి. మనం మింగే మాత్రల్లో చాలా భాగం అలాంటివే. ఎంజైమును లేపి, మరింత పని చేయించే రసాయనాలు మాత్రం బహు తక్కువ. ఇవాళ ఆ అరుదైన రకం గురించి, అది ఎక్కడ మొదలై ఎక్కడి దాకా వచ్చిందన్న దాని గురించి మాట్లాడతాను.

ముందు ఆ ఎంజైము దేని మీద పని చేస్తుందో తెలియాలి. మన ఒక్కో కణంలో ఉన్న డీఎన్‌ఏని సాగదీస్తే సుమారు 2 మీటర్ల పొడవు ఉంటుంది. దాన్ని పెట్టుకున్న కేంద్రకం వెడల్పు మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. అంత పొడవు అంత చిన్న చోట ఇమడాలంటే డీఎన్‌ఏ హిస్టోన్లు అనే ప్రొటీన్ల మీద చుట్టుకోవాలి. ఎనిమిది హిస్టోన్లు కలిసి ఒక ముద్దగా ఏర్పడతాయి. డీఎన్‌ఏలోని 147 అక్షరాల జతలు ఆ ముద్ద చుట్టూ ఒకటిన్నర చుట్లకు పైగా తిరుగుతాయి. అలాంటి ముద్దలు ఒక్కో కణంలో కోట్లు ఉంటాయి.

హిస్టోన్‌ను 1884లో కనిపెట్టినవాడు జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌బ్రెక్ట్ కోసెల్. ఆయన దాన్ని బాతు జాతికి చెందిన గూస్ పక్షి రక్తంలోంచి తీశాడు. మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, పక్షుల వాటిలో ఉంటుంది. అందుకే పక్షి రక్తం ఎంచుకున్నాడు. 1910లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు హిస్టోన్లను జీవశాస్త్రం పెద్దగా పట్టించుకోలేదు. డీఎన్‌ఏని చుట్టిపెట్టే సరంజామాగానే చూశారు. అసలు విషయమంతా డీఎన్‌ఏలో ఉంటే, దాన్ని చుట్టి ఉంచే ప్రొటీన్‌తో ఏం పని అనుకున్నారు.

అలా అనుకోని వాళ్లలో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో పని చేసిన విన్సెంట్ ఆల్‌ఫ్రీ ఒకడు. 1964లో ఆయనా ఆయన సహచరులూ లేగదూడల థైమస్ గ్రంథి నుంచి కేంద్రకాలను వేరుచేసి, జాడ పట్టడానికి వీలుగా రేడియోధార్మికత ఉన్న ఎసిటేట్‌ను వాటికి అందించారు. ఆ ఎసిటైల్ ముక్క వెళ్లి హిస్టోన్లకు అంటుకుంది. ఎసిటైల్ అంటుకున్నా హిస్టోన్లు డీఎన్‌ఏ దగ్గరే ఉన్నాయి గానీ, ఆర్‌ఎన్‌ఏ తయారీని అడ్డుకునే గుణం మాత్రం వాటిలో తగ్గింది. దీన్ని బట్టి ఆల్‌ఫ్రీ ఒక ఊహ చేశాడు. కణం ఈ చిన్న రసాయన మార్పుతో జన్యువులను తెరిచి మూస్తూ ఉండవచ్చు అన్నాడు.

ఇందులో రసాయనం అర్థం చేసుకోవడం కష్టం కాదు. హిస్టోన్ల చివర్లు తోకల్లాగా బయటకు సాగి ఉంటాయి. వాటిలో లైసిన్ అనే అమైనో ఆమ్లం చాలా ఎక్కువ. లైసిన్ మీద ధనావేశం ఉంటుంది, డీఎన్‌ఏ మీద ఋణావేశం ఉంటుంది. కాబట్టి రెండూ గట్టిగా అతుక్కుంటాయి. లైసిన్‌కు ఎసిటైల్ చేరిందంటే దాని ధనావేశం పోతుంది. పట్టు సడలుతుంది. జన్యువును చదివే యంత్రాంగానికి దారి దొరుకుతుంది. అంతేకాదు, ఎసిటైల్ ఉన్న చోటును గుర్తుపట్టి అక్కడికి వచ్చి వాలే ప్రొటీన్లు వేరే ఉన్నాయి. ఒకే డీఎన్‌ఏ ఉన్నా కాలేయ కణం కాలేయంలాగా, నాడీకణం నాడిలాగా ఉండడానికి కారణాల్లో ఇదొకటి.

ఆల్‌ఫ్రీ ఊహ నిజమని తేలడానికి 32 ఏళ్లు పట్టింది. ఎసిటైల్‌ను తగిలించే ఎంజైము ఏదో, తీసేసే ఎంజైము ఏదో చేతికి చిక్కితే గానీ ఎవరూ నమ్మే పరిస్థితి లేదు. రెండూ 1996లోనే దొరికాయి. అప్పుడు రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఉన్న డేవిడ్ ఆలిస్, చెరువు నీళ్లలో బతికే టెట్రాహైమెనా అనే ఏకకణ జీవి నుంచి ఎసిటైల్ తగిలించే ఎంజైమును పట్టుకున్నాడు. తీరా చూస్తే అది ఈస్టులో అప్పటికే తెలిసిన జీసీఎన్5 అనే ప్రొటీన్‌కు దగ్గరి పోలిక ఉన్నది. జీసీఎన్5 జన్యువులను పలికించే ప్రొటీన్ అని అందరికీ తెలుసు, ఎలా పలికిస్తుందో ఎవరికీ తెలియదు. ఒక్క రోజులో జవాబు దొరికినట్టయింది. కొద్ది వారాలకే హార్వర్డ్‌లో స్టూవర్ట్ ష్రైబర్ బృందం ఎసిటైల్‌ను తీసేసే ఎంజైమును ట్రాపాక్సిన్ అనే శిలీంధ్ర పదార్థాన్ని ఎరగా వేసి పట్టుకుంది. పీ300కి, దాని తోబుట్టువు లాంటి సీబీపీకి ఎసిటైల్ తగిలించే శక్తి ఉందని తేలిందీ ఆ ఏడాదే. 2018లో ఆలిస్‌కూ, ఈస్టులో హిస్టోన్ల మీద జన్యు ప్రయోగాలు చేసిన మైకేల్ గ్రున్‌స్టీన్‌కూ కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు. నా దృష్టిలో 1964 నాటి ఆల్‌ఫ్రీ పేరు కూడా ఆ ఇద్దరి పక్కన చెప్పుకోవలసిందే. ఆధారం దొరకక ముందే సరైన ప్రశ్న వేసి, మూడు దశాబ్దాలు దాన్ని వదలకుండా పట్టుకున్న మనిషి ఆయన.

ఎంజైములు దొరికాక మందుల తయారీదారుల దృష్టి వాటి మీద పడింది. ఎసిటైల్ తీసేసే ఎంజైములను ఆపే మందులు ముందుగా వచ్చాయి. వోరినోస్టాట్ అనే మందుకు చర్మంలో వచ్చే ఒక రకం లింఫోమా కోసం 2006లో అమెరికాలో అనుమతి లభించింది. తర్వాత మరికొన్ని వచ్చాయి. ఇవన్నీ నిరోధకాలు. ఎసిటైల్ తగిలించే ఎంజైములను నేరుగా ఉత్తేజపరిచే మందు మాత్రం ఇప్పటికీ మందుల షాపులో లేదు.

ఎందుకు లేదు? ఎడ్లబండి చక్రం కింద రాయి పెడితే బండి ఆగిపోతుంది. రాయి ఏదైనా ఫరవాలేదు, చక్రానికి అడ్డం పడితే చాలు. కానీ ఏ రాయి పెట్టినా బండి మరింత వేగంగా పరుగెత్తదు కదా. ఎంజైముల సంగతీ అంతే. ఎంజైము పని చేసే చోట ఒక గుంట ఉంటుంది. ఆ గుంటలో పట్టే అణువును తయారు చేస్తే అసలు పదార్థానికి చోటు దొరకదు, పని ఆగుతుంది. ఉత్తేజకం ఆ గుంటలో కూర్చోకూడదు, కూర్చుంటే పని ఆగిపోతుంది. మరోచోట అతుక్కోవాలి, అతుక్కుని ఎంజైము ఆకారాన్ని మార్చాలి, ఆ మార్పు పనికి సాయపడేదిగా ఉండాలి. కోట్ల ఏళ్ల పరిణామంలో చెక్కిన యంత్రాన్ని బయటి నుంచి వచ్చిన ఒక చిన్న అణువు ఇంకా మెరుగుపరచాలి. అలాంటి చోటు ఎంజైములో అసలు ఉందో లేదో కూడా ముందుగా చెప్పలేం.

పీ300లో అలాంటి చోటుకు ఆస్కారం ఉంది. ఈ ఎంజైములో తన పనికి తానే అడ్డుపడే ఒక వంకర భాగం ఉంటుంది. ఆ భాగంలో లైసిన్లు ఎక్కువ. పీ300 తన ఎసిటైల్ ముక్కలను తన లైసిన్లకే తగిలించుకుందంటే ఆ అడ్డు తొలగి చురుకు పుంజుకుంటుంది. జాన్స్ హాప్కిన్స్‌లో ఫిలిప్ కోల్ బృందం 2004లో దీన్ని వివరించింది. ఇలా స్వయంగా తనను అదుపు చేసుకునే ఏర్పాటు ఉన్న ఎంజైములో బయటి నుంచి ఆ అడ్డును కదిలించే అణువుకు అవకాశం ఉంటుంది.

ఎంజైమును లేపవలసిన అవసరం ఏమిటన్న ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. రూబిన్‌స్టీన్ టేబీ సిండ్రోమ్ అనే జబ్బు సంగతి చూడండి. 1963లో జాక్ రూబిన్‌స్టీన్, హూషాంగ్ టేబీ అనే ఇద్దరు వైద్యులు దీన్ని మొదట వర్ణించారు. సుమారు లక్ష జననాల్లో ఒకరికి వస్తుంది. బొటనవేళ్లు వెడల్పుగా ఉంటాయి, ఎదుగుదల తక్కువ, నేర్చుకునే శక్తి మందగిస్తుంది. 1995లో దీని కారణం తెలిసింది. చాలామంది పిల్లల్లో సీబీపీ జన్యువుకు ఉన్న రెండు ప్రతుల్లో ఒకటి దెబ్బతిని ఉంటుంది. కొద్దిమందిలో పీ300 జన్యువు దెబ్బతింటుంది. గమనించండి, ఎంజైము పూర్తిగా లేకపోలేదు. రెండో ప్రతి బాగానే ఉంది, ఎంజైమును తయారు చేస్తూనే ఉంది, చాలినంత మాత్రం లేదు. చెడిపోయినదాన్ని ఆపడం ఇక్కడ పనికిరాదు. ఉన్న సగంతోనే ఎక్కువ పని చేయించగలిగితే తప్ప ప్రయోజనం లేదు.

ఈ జబ్బును పోలిన ఎలుకల మీద న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ కాండెల్ బృందం పని చేసింది. 2004లో వాళ్లు చూసిందేమిటంటే, సీబీపీ ఒక ప్రతి లేని ఎలుకల మెదడులో హిస్టోన్ ఎసిటైల్ తగ్గింది, దీర్ఘకాల జ్ఞాపకం దెబ్బతింది. ఎసిటైల్‌ను తీసేసే ఎంజైములను మందుతో ఆపితే జ్ఞాపకం కొంత మెరుగుపడింది. అంటే పెట్టేవాళ్లు తక్కువయ్యారు కాబట్టి తీసేవాళ్లను కట్టడి చేశారు. దారి పనికొచ్చింది, కానీ అది పక్కదారే. తీసేసే ఎంజైములు కుటుంబం కుటుంబంగా ఉంటాయి, హిస్టోన్లు కాని ప్రొటీన్ల మీద కూడా పని చేస్తాయి, వాటిని ఆపితే ఆ ప్రభావం ఎక్కడెక్కడికో పాకుతుంది. లోటు సీబీపీలో ఉన్నప్పుడు సీబీపీనే లేపాలన్నది సూటి ఆలోచన.

ఇప్పుడు బెంగళూరు ప్రయోగశాలకు తిరిగి వద్దాం. కుందు బృందం మన మొక్కల పదార్థాలను వరుసగా పీ300 మీద పరీక్షించింది. పసుపులోని కర్కుమిన్ పీ300ని ఆపింది. కొంకణ తీరంలో పులుసుల్లో వేసుకునే కోకం పండులోని గార్సినాల్ ఆపింది. జీడిపెంకులోని అనకార్డిక్ ఆమ్లం కూడా పీ300నే కాక, పీకాఫ్ అనే మరో ఎంజైమునూ ఆపింది. మొక్కలు ఇచ్చినవన్నీ నిరోధకాలే. ఉత్తేజకాన్ని మాత్రం మనుషులే చేత్తో కట్టుకోవలసి వచ్చింది.

అనకార్డిక్ ఆమ్లం నిర్మాణం ఆస్పిరిన్‌కు తల్లి అయిన సాలిసిలిక్ ఆమ్లానికి 15 కార్బన్ల పొడవాటి తోక తగిలించినట్టు ఉంటుంది. దాని ఆమ్ల భాగాన్ని మార్చి, క్లోరిన్, ఫ్లోరిన్ ఉన్న ఒక బెంజీన్ వలయాన్ని ఎమైడ్ బంధంతో కలిపారు. దానికి సీటీపీబీ అని పేరు పెట్టారు. మాతృక పీ300ని ఆపుతుంటే, పిల్ల దాన్ని లేపింది. పీకాఫ్ మీద మాత్రం దాని ప్రభావం లేదు. విడి డీఎన్‌ఏ మీద ఆర్‌ఎన్‌ఏ తయారీలో సీటీపీబీ ఏ మార్పూ తేలేదు. హిస్టోన్ల మీద చుట్టుకున్న డీఎన్‌ఏ మీదనే, పీ300 అవసరమైన చోటనే మార్పు కనిపించింది. ఈ చివరి పరీక్ష నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఎంజైము చురుకు పెరిగిందని ఒక అంకె చూపించి ఊరుకుంటే ఎన్నో సందేహాలు మిగిలి ఉండేవి.

ఆ సందేహాలు ఎంత దూరం పోతాయో చెప్పడానికి అదే 2003లో వచ్చిన మరో వార్త ఉంది. ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ అనే పదార్థం సర్‌ట్యూయిన్ అనే ఎంజైమును ఉత్తేజపరుస్తుందని, ఈస్టు ఆయువును పెంచుతుందని హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ సింక్లెయిర్ బృందంతో కలిసి మరికొందరు పరిశోధకులు ప్రకటించారు. సర్‌ట్యూయిన్లు ఎసిటైల్‌ను తీసేసే ఎంజైములు. పత్రికలు హోరెత్తాయి. 2008లో సర్‌ట్రిస్ అనే చిన్న కంపెనీని గ్లాక్సోస్మిత్‌క్లైన్ 72 కోట్ల డాలర్లకు కొనేసింది. ఈలోపు కొందరు పరీక్షను నిశితంగా చూశారు. ఎంజైము చురుకును కొలవడానికి వాడిన ప్రొటీన్ ముక్కకు మెరిసే రంగు పదార్థం ఒకటి తగిలించి ఉంది. ఆ రంగు తీసేసి సహజమైన ముక్క వాడితే ఉత్తేజం కనిపించలేదు. 2013లో సింక్లెయిర్ బృందం సర్‌ట్యూయిన్‌లో ఒక అమైనో ఆమ్లాన్ని మారిస్తే ఆ ఉత్తేజం పోతుందని, కాబట్టి కొన్ని ప్రొటీన్ల విషయంలో అది నిజమేనని వాదించింది. అయినా మొదటి హోరు అప్పటికి చల్లారిపోయింది. ఉత్తేజకం దొరికిందన్న మాట ఎవరైనా చెప్పినప్పుడు నేను మొదట చూసేది కొలిచిన పద్ధతినే. ఆపినట్టు కనిపించడం కంటే లేపినట్టు కనిపించడం సులువుగా మోసపుచ్చుతుంది.

సీటీపీబీకి వేరే చిక్కు వచ్చిపడింది. పరీక్షనాళికలో చక్కగా పని చేసే ఈ అణువు బతికున్న కణంలోకి చొరబడలేకపోయింది. పొర దాటదు. పొర దాటని అణువు ఎంత గొప్పదైనా కేంద్రకంలోని ఎంజైముకు ఏం ప్రయోజనం? ఈ చిక్కు విప్పింది అదే సంస్థలోని రసాయన శాస్త్రవేత్తలు. ఎం. ఈశ్వరమూర్తి బృందం గ్లూకోజ్‌ను నీళ్లలో కలిపి, మూసిన పాత్రలో వేడి చేసి, అతి సూక్ష్మమైన కార్బన్ గుండ్లు తయారు చేస్తుండేది. ఆ గుండ్లు కణంలోకి దూరి కేంద్రకం దాకా పోతున్నాయి. వాటంతట అవే వెలుగు చిమ్ముతాయి కాబట్టి ఎక్కడికి వెళ్లాయో సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. 2008లో రెండు బృందాలూ కలిసి సీటీపీబీని ఆ గుండ్లకు తగిలించి ఎలుకలకు ఇచ్చాయి. అణువు లోపలికి చేరింది, హిస్టోన్లకు ఎసిటైల్ పెరిగింది. ఒకే ఆవరణలో జీవశాస్త్రవేత్తా పదార్థశాస్త్రవేత్తా ఉండడం వల్ల జరిగిన పని ఇది. మన విశ్వవిద్యాలయాల్లో శాఖల మధ్య గోడలు ఎంత ఎత్తున ఉంటాయో చూసిన ఎవరికైనా ఈ సంగతి విలువ తెలుస్తుంది.

తర్వాత అణువును కూడా సరళం చేశారు. జీడి ఆమ్లం నుంచి వచ్చిన 15 కార్బన్ల తోక తీసేసి, చిన్న అణువు ఒకటి తయారు చేశారు. పేరు టీటీకే21. పీ300, సీబీపీ రెండింటినీ ఇది లేపుతుంది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో ఆన్ లోరాన్స్ బూటిలియే బృందంతో కలిసి 2013లో దీన్ని ఎలుకల మెదడు మీద పరీక్షించారు. కార్బన్ గుండ్ల మీద ఎక్కి కడుపులోకి సూదిమందుగా వెళ్లిన టీటీకే21, రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను దాటింది. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో హిస్టోన్లకు ఎసిటైల్ పెరిగింది. కొత్తగా పుట్టిన నాడీకణాలు పొడవాటి కొమ్మలు వేసి త్వరగా పక్వమయ్యాయి. నీళ్ల తొట్టెలో దాగిన మెట్టును వెతుక్కునే పరీక్షలో ఈ ఎలుకలు కొత్త విషయాన్ని ఎక్కువగా ఏమీ గుర్తుపెట్టుకోలేదు. గుర్తుపెట్టుకున్నదాన్ని మాత్రం ఎక్కువ కాలం నిలుపుకున్నాయి. 2018లో, అల్జైమర్స్‌లో కనిపించే టౌ ప్రొటీన్ ముడులు ఏర్పడేలా చేసిన ఎలుకల్లో కూడా ఈ అణువు జ్ఞాపకశక్తిని పునరుద్ధరించిందని అదే బృందాలు చూపించాయి.

ఇక్కడ ఆగి ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ వార్త విని జీడిపప్పు తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందనో, పెంకు నూనె నాడులకు మంచిదనో ఎవరైనా చెబితే నమ్మకండి. టీటీకే21 జీడిపప్పులో లేదు, పెంకులోనూ లేదు. పెంకులో ఉన్న ఆమ్లం చేసేది దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని. పైగా ఆ నూనె చర్మాన్ని కాలుస్తుంది, నోటిని పొక్కిస్తుంది. పలాస ఆడవాళ్ల చేతులకు మంచి గ్లవుజులు దొరకాలి, అంతే గానీ ఆ నూనెను ఎవరూ ఒంటికి రాసుకోకూడదు.

లండన్ ఇంపీరియల్ కాలేజీలో సిమోన్ డి జొవాన్ని బృందం ఈ అణువును మరో ప్రశ్నకు వాడుకుంది. వెన్నుపాము తెగితే నాడీతంతువులు మళ్లీ ఎందుకు పెరగవు? వాళ్లు ముందు మందు గురించి ఆలోచించలేదు. ఎలుకలను విశాలమైన గూళ్లలో, ఆడుకునే వస్తువులతో, సొరంగాలతో, తిరిగే చక్రాలతో, తోటి ఎలుకలతో కలిపి ఉంచారు. ఇరుకు గూటి ఎలుకలతో పోలిస్తే ఈ ఎలుకల స్పర్శ నాడులు దెబ్బ తిన్నాక ఎక్కువగా పెరిగాయి. ఎందుకని లోపలికి వెళ్లి చూస్తే, చురుకైన జీవితం ఆ నాడీకణాల్లో సీబీపీని లేపి, పెరుగుదలకు సంబంధించిన జన్యువుల దగ్గర హిస్టోన్లకు ఎసిటైల్ పెంచింది. అప్పుడు వాళ్లకు బెంగళూరు అణువు గుర్తొచ్చింది. ఇరుకు గూటి చిన్న ఎలుకలకూ, పెద్ద రకం ఎలుకలకూ వెన్నుపాము దెబ్బ తిన్న తర్వాత టీటీకే21 ఇస్తే తంతువులు పెరిగాయి, కదలికలు కొంత మెరుగుపడ్డాయి. 2019లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఆటా పరుగూ కణం లోపల ఏ ఎంజైమును కదిలిస్తున్నాయో తెలిసింది, ఆ ఎంజైమును కదిలించే రసాయనం అప్పటికే సిద్ధంగా ఉంది. రెండు దేశాల్లో ఏళ్ల తరబడి సాగిన పని ఒకచోట కలిసింది.

ఇంతవరకూ బాగానే ఉంది గానీ, ఈ మార్గంలో రెండు పెద్ద సమస్యలున్నాయి. మొదటిది క్యాన్సర్. కొన్ని రకాల క్యాన్సర్ కణాలు పీ300 మీద ఆధారపడి పెరుగుతాయి. అందుకే పీ300ని ఆపే మందుల కోసం కూడా గట్టి ప్రయత్నాలు జరుగుతున్నాయి. అమెరికాలోని ఆబ్‌వీ కంపెనీ శాస్త్రవేత్తలు 2017లో ఏ485 అనే శక్తిమంతమైన నిరోధకాన్ని ప్రకటించారు. మెదడులో లేపాలనుకునే ఎంజైమునే ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఆపాలనుకుంటున్నారు. కాబట్టి ఏళ్ల తరబడి వాడే ఉత్తేజకం ఎవరికైనా ఇచ్చే ముందు, ఒంట్లో మరెక్కడో నిద్రపోతున్న కణితిని లేపదని రుజువు కావాలి. ఈ రుజువు ఎలుకల్లో కొన్ని వారాల ప్రయోగంతో రాదు.

రెండోది చిరునామా. టీటీకే21 పీ300ని లేపుతుంది, ఏ జన్యువు దగ్గర అని అడగదు. దీనికి వేరే దారి వెతికిన వాళ్లున్నారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ గెర్స్‌బాక్ బృందం 2015లో డీఎన్‌ఏలో కోరిన చోటును వెతికి కోసే క్రిస్పర్ అనే పరికరంలోంచి ఆ కోసే శక్తిని తీసేసి, దానికి పీ300లోని అసలు పని చేసే ముక్కను అతికించింది. క్రిస్పర్ చిరునామా వెతుకుతుంది, పీ300 ముక్క అక్కడ ఎసిటైల్ పెడుతుంది. కోరుకున్న ఒక్క జన్యువు మేల్కొంటుంది. నార్త్ కరొలైనాలో మరికొందరు ఈ రెండు ఆలోచనలనూ కలిపారు. క్రిస్పర్ ఒక జన్యువు దగ్గర కూర్చుంటుంది. ఒక చిన్న అణువు ఒక చేత్తో దాన్ని, మరో చేత్తో కణంలో సహజంగా ఉన్న, జన్యువులను పలికించే ప్రొటీన్లను పట్టుకుని దగ్గరకు చేరుస్తుంది. అణువు మోతాదు పెంచితే జన్యువు పలకడం పెరుగుతుంది, తీసేస్తే తగ్గుతుంది. ప్రయోగశాలలో ఒక జన్యువు పనిని తెలుసుకోవాలనుకునే వాళ్లకు ఇది గొప్ప సాధనం. మందుగా మారాలంటే మాత్రం క్రిస్పర్‌ను మనిషి కణాల్లోకి చేర్చాలి. ఆ భారం లేని టీటీకే21 లాంటి మామూలు అణువుకు అందుకే ఇంకా విలువ ఉంది. నా మొగ్గు ఆ వైపే. సూదిమందుగా ఇవ్వగలిగిన అణువు జిల్లా ఆసుపత్రి దాకా రాగలదు.

వెన్నుపాము గాయంతో మంచం పట్టిన వాళ్లను, రోడ్డు ప్రమాదాల్లోనో, తాటిచెట్టు మీంచి పడో నడుము కింద చచ్చుబడిన వాళ్లను మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. వాళ్లకు దెబ్బ తగిలి నెలలు, ఏళ్లు గడిచి ఉంటాయి. గాయమైన వెంటనే ఇచ్చే మందు వాళ్లకు పనికిరాదు. డి జొవాన్ని బృందం ఈ ప్రశ్ననే తీసుకుని 2022లో ఇంకో ప్రయోగం ప్రచురించింది. ఎలుకలకు వెన్నుపాము తీవ్రంగా దెబ్బ తిన్న తర్వాత 12 వారాలు ఆగి, అప్పుడు వారానికొకసారి చొప్పున టీటీకే21 ఇచ్చారు. పాత గాయంలో కూడా స్పర్శ తంతువులు పెరిగాయి, కదలికను నడిపే తంతువులు కొత్త కొమ్మలు వేశాయి, నాడుల మధ్య కొత్త అతుకులు ఏర్పడ్డాయి. ఇంత జరిగినా ఆ ఎలుకలు నడవలేదు. ఈ మాటను వాళ్లు దాచకుండా రాశారు. గాయం చోట ఏర్పడిన ఖాళీని దాటించే జీవపదార్థపు వంతెనలను ఈ అణువుతో కలిపి పరీక్షించడం తమ తర్వాతి అడుగని వాళ్లు చెప్పారు.